స్వామి వస్త్రం, సర్కారు వీడియో

యముడు పాశం విసిరినప్పుడు కూడా తనను కావలించుకున్న బాలుణ్ణి విడిచిపెట్టని పరమశివునికి, ఆ బాలుడే పెరిగి ఋషియై మా కులానికి మూలపురుషుడైన మార్కండేయ స్వామికి, ఆయన వంశాన పుట్టి తామర తూడుల నుంచి దారం తీసి దేవతల ఒంటికి వస్త్రం నేసిన భావనా ఋషికి శతకోటి నమస్కారాలు. ఏ సంగతి ఎత్తుకున్నా ముందు స్వామిని తలుచుకోవాలనీ, తలుచుకున్న నోటితో ఉన్నదే చెప్పాలి గాని కల్పించకూడదనీ మా తాత నేర్పాడు. తలుచుకున్నాను. ఇక ఉన్నదే చెబుతాను.

మొన్న శ్రావణ సోమవారం నాడు అభిషేకం ముగించుకుని, తీర్థం పుచ్చుకుని, వంటింట్లోకి పోతూ ఫోను చూస్తే మా ఆడవాళ్ళ భజన మండలి గ్రూపులో ఒక పాత వీడియో వచ్చి ఉంది. అందులో ఒక ముసలాయన గుంట మగ్గంలో కూర్చుని ఉంటాడు. మెడలో పూలదండతో ఒక పెద్దమనిషి కత్తెర ఎత్తుతాడు. చప్పట్లు. తెల్లని వస్త్రం గాలిలోకి లేస్తుంది. చివర ముసలాయన రెండు చేతులూ జోడించి తలవంచుతాడు, ఆ చేతుల మీద మరాఠీలో పరంపరకు వందనం అన్న అర్థం వచ్చే అక్షరాలు వచ్చి నిలుస్తాయి. మండలిలో కొత్తగా చేరిన ఒక కోడలు ‘ఎంత వినయం చూడండ్రి, పాతకాలపు మనుషులు’ అని రాసింది, దాని కింద దండాల బొమ్మలు వరుసగా పడ్డాయి. ఆ ముసలాయన మా తాత అని ఆమెకు తెలియదు. ఆ వీడియో పెట్టిన దఫ్తరులో ఆనాడు నేను పని నేర్చుకుంటున్నానని కూడా తెలియదు. నేను ఏ బొమ్మా పెట్టలేక ఫోనును దేవుడి గూటి ముందు బోర్లించి, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

మా ఇల్లు షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో. ముందు గదిలో సగం తాత మగ్గానిదే. నేలలోకి తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన కూర్చుంటే నడుము పైభాగమే కనబడేది, చిన్నప్పుడు నేను తాతకు కాళ్ళు ఉండవనే అనుకునేదాన్ని. చుట్టుపక్కల అందరూ మరమగ్గాలకు మారిపోయారు, మా కాక కూడా కుంఠా నాకా దగ్గర షెడ్డు వేసి తువ్వాళ్ళ మిషన్లు పెట్టాడు. తాత ఒక్కడు మాత్రం ఆ గుంట విడవలేదు. మా వాళ్ళు బతుకుదెరువుకు తెలంగాణ విడిచి షోలాపూర్ వచ్చినప్పుడు తాత తండ్రి మగ్గం కొయ్యలన్నీ అక్కడే వదిలేసి, దారాలు దూరి ఉన్న, దువ్వెనలాంటి పన్నెను మాత్రం తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు చంకలో పెట్టుకుని తెచ్చాడట.

ఎందుకో చెప్పాలి, లేకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. మగ్గం మీద నిలువు దారాలను పడుగు అంటాం. అందులో ఒక్కో పోగూ ముందు ఒక దారపు కంట్లోంచి, ఆ తరువాత పన్నె పళ్ళ సందులోంచి దూరి రావాలి. అన్ని పోగులనూ కొత్తగా దూర్చాలంటే మంచి కళ్ళున్న ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని రోజుల తరబడి చేయాల్సిన పని. అందుకని పడుగు అయిపోవచ్చినప్పుడు నేసిన గుడ్డను ముందువైపు మాత్రమే కోసుకుని, దూరి ఉన్న కొనలను ముడివేసి మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పడుగు రాగానే దాని పోగులను వెనకవైపు ఆ పాత కొనలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అలా తాత తండ్రి తెచ్చిన కొనలకు ఒక పడుగు, దాని కొనకు మరో పడుగు, ఎన్ని గుడ్డలు కోసినా ఆ మగ్గం ఒక్కనాడూ ఉత్తగా లేదు. ఇది మా తండ్రి పట్టుకున్న దారమే అని తాత అనేవాడు. ప్రతి ఏడూ శ్రావణంలో, పడుగులో మిగిలిన చివరి గుడ్డ ఎవరికీ అమ్మేది కాదు. ఎర్రంచు వేసి నేసి, నారళీ పౌర్ణమి నాడు మా గల్లీ మందిరంలో మార్కండేయ స్వామికి కట్టేవారు. ఆ రోజే మా మగవాళ్ళందరూ జంధ్యాలు మార్చుకుంటారు.

ఆ మందిరంలోనే నాకు తెలుగు వచ్చింది. బడి మరాఠీ బడి. శనివారం సాయంత్రాలు తాత పురాణం చదువుతుంటే పక్కన కూర్చుని ఆయన వేలు కదిలిన చోటల్లా చూస్తూ అక్షరాలు పట్టుకున్నాను. ఆయన కళ్ళు మసకబారాక, చదవడం నా వంతు, అర్థం చెప్పడం ఆయన వంతు అయింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒత్తులు చేసుకుంటూ, పూలు కట్టుకుంటూ వినేవారు. ఎవరైనా కునికితే తాత కథ ఆపేవాడు, ఆ నిశ్శబ్దానికి వాళ్ళే ఉలిక్కిపడి లేచేవారు.

నా ఈడువాళ్ళకు జ్ఞాపకముంటుంది, ఇంటికి ఒక్క టచ్ ఫోను ఉండి, దాన్ని ఇంటిల్లిపాదీ పంచుకునే రోజులవి. నేను కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను. పట్టా చేతికి రావాలంటే ఎక్కడైనా కొంతకాలం ఇంటర్న్‌షిప్ చేసి రావాలన్నారు. ఒక సర్కారు దఫ్తరులో డిజిటల్ ప్రచారం అని కొత్త విభాగం తెరిచారని విని అడిగితే చేర్చుకున్నారు. విభాగమంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, తిరగనా వద్దా అని ఆలోచిస్తూ తిరిగే పంకా, మూలన పాత ఫ్లెక్సీల గుట్ట. మా మేడమ్ మరాఠీ ఆవిడ, నా తల్లి వయసుది, మంచి మనిషి. ఏ పేటకు ఏ పూట నీళ్ళు వదులుతారో, పిల్లలకు పోలియో చుక్కలు ఎక్కడ వేస్తారో పేజీ మీద మరాఠీలో పెడుతున్నా తెలుగిళ్ళ ఆడవాళ్ళకు చేరడం లేదని ఆమె బాధ. మా వాళ్ళు మరాఠీ ధారాళంగా మాట్లాడతారు గాని చదవడం అందరికీ రాదు. నేను తెలుగులో రాస్తాను, చదివి వినిపిస్తాను అనేసరికి ఆమె మొహం వెలిగింది.

అలా నా గొంతు ఫోనుల్లోకి వెళ్ళింది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టే మా మేనత్త, తన వరుసలోని ఆడవాళ్ళందరికీ నా సందేశాలు పంపేది. ఒకరోజు ఆమె నుంచి తిరుగు సందేశం వచ్చింది. మేడమ్ ఎదుటే నొక్కి వినిపించాను.

“బిడ్డా, నువ్వు జెప్పుడైతే మంచిగనే జెప్తున్నవ్. గా నీళ్ళిడిశేటాయనకు గూడ జర జెప్పు. బీడీలిచ్చి మేము వాపస్ వచ్చేవరకు నల్లా బందైతున్నది. నీ గొంతు తాగి బతుకుతమా?”

వెనక ఆడవాళ్ళ నవ్వులు. అర్థం చెబితే మేడమ్ కుర్చీలోంచి లేచి మరీ నవ్వి, ఆ మాటను నీళ్ళ విభాగానికి పంపింది. అక్కడి వాళ్ళు వేళ మార్చారు కూడా. ఆ రోజుల్లో నేను చేసే పని దైవకార్యమే అనిపించేది. తాత మందిరంలో అందరితో, మా పోరి గొంతు సర్కారు గొంతైంది అని చెప్పుకునేవాడు.

ఆ శ్రావణంలో చేనేత మీద ఒక వీడియో చేయాలని పైనుంచి మాట వచ్చింది. పైనుంచే ఒక పెద్ద సాహెబ్ కూడా వస్తాడన్నారు. కుంఠా నాకాలో మా కాక షెడ్డు చూడడానికి మేడమ్ వెళ్ళినప్పుడు ఆయనే అన్నాడట, “మా మిషన్లను ఏం జూస్తరు మేడమ్, ఉత్త చప్పుడు. మా నాయిన మగ్గం జూడుండ్రి, ఫోటోకు కూసున్నట్టే ఉంటది.” తాత కాదనలేదు, సంతోషపడ్డాడు. ఒక్కటే అడిగాడు. మగ్గం మీద ఉన్నది స్వామి వస్త్రం, ఇంకా జానెడు నేయాలి. సాహెబ్ కావాలంటే అడ్డదారం మోసే నాడెను ఒకసారి విసరవచ్చు, వస్త్రాన్ని మాత్రం పౌర్ణమి దాకా ఎవరూ ముట్టుకోవద్దు. నేను మేడమ్‌కు చెప్పాను. ఆమె తన వాళ్ళందరికీ చెప్పింది.

ఆ పొద్దున మా గల్లీ పెళ్ళిలా ఉంది. అమ్మ గడపకు పసుపు రాసింది. దఫ్తరు వాళ్ళు ఏ కార్యక్రమానికైనా తీసుకెళ్ళే పళ్ళెం ఇక్కడికీ తెచ్చారు, అందులో కుంకుమ, పూలు, రిబ్బను, కత్తెర. రిబ్బను గుమ్మానికి కట్టాలని వాళ్ళ ఏర్పాటు. కాని సాహెబ్ కారు దిగగానే జనమంతా ఆయనతోపాటు లోపలికి తోసుకుపోయారు, రిబ్బను కట్టడానికి సందు దొరకలేదు. నేను గుమ్మం దగ్గర స్టూలు మీద నిలబడి ఫోనులో లైవ్ నడుపుతున్నాను. నాకూ మగ్గానికీ మధ్య మనుషుల తలలు. ఫోటోలు తీసే అతను, గోడ మీది స్వామి పటం వెనక కనబడేలా సాహెబ్‌ను మగ్గానికి అవతలివైపు నిలబెట్టాడు. అక్కడ పడుగు బిగుతుగా, తెల్లగా, పట్టీలా ఆయన ముందు సాగి ఉంది. వాడకుండా మిగిలిన కత్తెర పళ్ళెంలో ఉంది. పళ్ళెం పట్టుకున్న అతను అలవాటు కొద్దీ దాన్ని ముందుకు చాపాడు. సాహెబ్ అలవాటు కొద్దీ కత్తెర తీసుకున్నాడు. నేను ఫోను పట్టుకునే, సాహెబ్, నకో నకో, వద్దు వద్దు అని మరాఠీలో అరిచిన అరుపు చప్పట్లలో కలిసిపోయింది.

కోయకూడని చోట, దారపు కళ్ళకు వెనకవైపు కోశాడు. ముందువైపు నిలబడ్డ ఆయన మనుషులు వస్త్రాన్ని అందరికీ చూపించాలని ఒక్క లాగు లాగారు. కళ్ళలోంచి, పన్నెలోంచి పోగులన్నీ నీళ్ళు జారినట్టు జారి దానివెంటే వచ్చేశాయి. తాత గుంటలోంచి రెండు చేతులు చాపడం ఫోను తెరలో కనిపించింది, తరువాత ఆ చేతులు జోడించి తలవంచడం కనిపించింది. అందరితోపాటు నేనూ ఆయన సాహెబ్‌కు నమస్కరించాడనే అనుకున్నాను. తనకు కానుకగా ఇస్తున్నారనుకుని సాహెబ్ ఆ వస్త్రాన్ని కళ్ళకద్దుకుని, భుజాన వేసుకుని, తాత పాదాలకు వంగబోయి, పాదాలు గుంటలో ఉన్నందువల్ల గుంట అంచు నేలను తాకి వెళ్ళిపోయాడు. ఆయన కూడా చెడ్డవాడు కాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది.

కారు మలుపు తిరగకముందే కాక చెప్పులు వేసుకుంటున్నాడు. “నేను వోతున్న. దేవుని బట్ట వాని భుజమ్మీద ఏంది? గుంజుకొస్త.”

“ఊకో,” అన్నాడు తాత.

“నాయినా, మగ్గం ఖతమైంది, నీకు సమజైతలేదా?”

“నాకు సమజ్ గాకుంటే ఇంకెవలికైతది? మన పనేందిరా? మంది మానం గాపాడుడు. ఇంటికొచ్చినోని మానం నలుగుట్ల దీస్తమా? గాయినకు ఎర్కలేదు. ఎర్క గానియ్యకు.” ఆ తరువాత నావైపు తిరిగి, “నువ్వు గూడ, బిడ్డా” అన్నాడు.

అప్పుడు జోడించిన చేతులు విప్పాడు. అరచేతుల మధ్య దారపు కొనలు నలిగి ఉన్నాయి. జారిపోతున్న పోగులను దొరికినన్ని ఒడిసి పట్టుకున్నాడు, అవతలివాళ్ళు లాగిన లాగుకు అవి తెగి ఆయన చేతుల్లో మిగిలిపోయాయి. జనం నమస్కారం అనుకున్నది ఆ పట్టునే. సాహెబ్ వెళ్ళేదాకా విప్పితే తెలిసిపోతుందని విప్పలేదు.

మరునాడు నేను మేడమ్‌తో ఉన్నది చెప్పాను. తాత వద్దన్నా, ఆమెకు తెలియాలనిపించింది. ఆమె అగం బాయీ అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. సాహెబ్ మనుషులకు ఫోను చేసి వస్త్రం వెనక్కి అడుగుతానంది. తాత ససేమిరా ఒప్పుకోలేదు. ఇచ్చారనుకుని తీసుకున్నవాడిని అడగడమంటే దొంగను చేయడమే అన్నాడు. వీడియో తీసేయడం ఆమె చేతిలో లేదు, అప్పటికే పైవాళ్ళు తమ పేజీల మీద పెట్టుకున్నారు. ఇక మిగిలింది దాని కింద రెండు తెలుగు మాటలు రాయడం. అది నా పని. కంప్యూటరు ముందు కూర్చున్నాను, ఒక్క మాటా రాలేదు. మేడమ్ బలవంతపెట్టలేదు. ఆ దఫ్తరులో నేనున్నన్నాళ్ళలో తెలుగు లేకుండా వెళ్ళినది అదొక్కటే.

పౌర్ణమికి ఇంకా రోజులున్నాయి. మేనత్త సంగతి విని విడీ ఘర్కుల్ నుంచి వచ్చింది. పెళ్ళికి ముందు పడుగులు అతికింది ఆమే. బీడీల చాట మా అమ్మకు అప్పగించి, పన్నె ముందు కూర్చుని, కొత్త పడుగును మొదటినుంచి దూర్చుదాం, స్వామికి చిన్న కండువా అయినా నేస్తాడు నాయిన అంది. ఆమె ముందు, నేను వెనక. నేను ఒక్కో పోగు అందిస్తే ఆమె సన్నని కొక్కెంతో కంట్లోంచి, పన్నెలోంచి లాగేది. అసలు అందించాల్సింది తాత. వేళ్ళకు అన్నీ తెలుసు గాని ఏ పోగు తరువాత ఏది వస్తుందో ఆయన కళ్ళు చెప్పలేకపోయేవి. గోడకు ఆనుకుని, దూర్చే చప్పుడు వింటూ కూర్చునేవాడు.

“జల్ది ఇయ్యవే, పెద్ద ఆఫీసరమ్మా,” అని అత్త నన్ను దెప్పేది. “బీడీలైతే ఈపాటికి కట్టలు కట్టేదాన్ని.”

నవ్వించాలని అనేది. ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. మధ్యలో ఒక వరుస తప్పితే అంతా విప్పి మళ్ళీ దూర్చాం. ఆ శనివారం మందిరంలో పురాణం చదవడానికి కూర్చుని పుస్తకం తెరిచాను గాని చదువు సాగలేదు. యముడి పాశాన్ని ఆపిన వాడివి, ఒక కత్తెరను ఆపలేకపోయావా అని లోపల ఆ శివుడితో గొడవపడుతున్నాను. తాతకు తెలిసినట్టుంది. ఆ సాయంత్రం పుస్తకం మూసి, తనకు నోటికి వచ్చినంత తానే చెప్పాడు. బాలుడు లింగాన్ని కావలించుకునే చోటికి వచ్చి, కావలించుకునుడే వాని పని, మిగిలింది స్వామి పని అని ఆగిపోయాడు. ఆ రోజు ఎవరూ కునకలేదు.

పౌర్ణమి నాటికి పన్నెలో సగం కూడా నిండలేదు. తెల్లవారుజామున తాత స్నానం చేసి, గూట్లోంచి ఆ తెగిన కొనల ముద్ద తీసుకున్నాడు. పసుపు నీళ్ళలో తడిపి, తొడ మీద పేనుతూ, ఒకదాని కొనకు మరొకటి కలుపుతూ జంధ్యం చేశాడు. పేనడానికి కళ్ళు అక్కర్లేదు. స్వామి ఊరేగింపు రథం బయలుదేరే ముందు మా గల్లీ మందిరంలో స్వామి మెడలో దాన్ని వేసినప్పుడు, ఈసారి మీ ఇంటి వస్త్రం ఏది అని ఎవరో అడిగారు. ఇదే అన్నాడు తాత. పండగ తరువాత అత్త మళ్ళీ వచ్చి పన్నె ముందు కూర్చోబోతే, “చాలమ్మా. అతుకుడంటే పాత కొన ఉండాలె. కొత్తగ మొదలువెట్టే ఈడా నాది” అని ఆమె చేతిలోంచి కొక్కెం తీసుకున్నాడు. మగ్గం విప్పించేశాక కూడా ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే వెళ్ళి ఆ గుంటలోనే కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. నేను పక్కన కూర్చుని పురాణం చదివేదాన్ని. మగ్గం లేని గుంటలో తాత ఇంకా పొట్టిగా కనబడేవాడు.

ఇప్పుడు ఆ గుంట లేదు. పూడ్చి, నున్నని పలకలు పరిచి, కాక కొడుకు అక్కడ తువ్వాళ్ళు అమ్ముతున్నాడు. ఆ దఫ్తరు తెలుగు సందేశాలు ఇప్పుడు కంప్యూటరు గొంతుతో వస్తున్నాయట. తప్పులు లేకుండా, అలుపు లేకుండా నీళ్ళ వేళలు చెబుతుంది. అత్త తిరిగి ఏదైనా అంటే మాత్రం వినే మనిషి అవతల లేదు. మా పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మందిరంలో పురాణం చదివే వేలు వెంట చూసే కళ్ళు తగ్గిపోయాయి. ఆ వీడియో మాత్రం ప్రతి శ్రావణంలో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, తాత మళ్ళీ మళ్ళీ తలవంచుతాడు. స్వామి ఆ కత్తెరను ఎందుకు ఆపలేదో నాకు ఈనాటికీ తెలియదు. అడగడం మానలేదు, నమ్మడమూ మానలేదు.

ఆనాడు దాని కింద రాయలేకపోయిన తెలుగు మాట ఇన్నాళ్ళకు ఇదిగో, ఇంత పొడుగున రాశాను. మీ ఫోనులోకి కూడా ఎప్పుడైనా ఆ వీడియో వస్తే దండం బొమ్మ పెట్టకండి. ఒక్క క్షణం ఆపి, జోడించిన ఆ చేతులను చూడండి. చూసి, నాతోపాటు మీరూ ఇలా వేడుకోండి: మార్కండేయా, మా పెద్దలు పట్టుకున్న కొన మా చేతుల్లోంచి జారిపోతున్నది, గట్టిగా పట్టుకునే బలం మాకియ్యి, పట్టుకున్నది తెగితే ఎదుటివాడి మానం చెడకుండా చేతులు మూసుకునే ఓర్పు ఇయ్యి, తెగిన ముక్కనైనా నీ మెడలో వేయించుకో తండ్రీ.